గోడల్లేని గడ్డి కట్టడాలు

ప్రశ్న: స్లోవేనియాలో చదువుతున్న మా మనవడు పంపిన ఫోటోల్లో, పొలాల మధ్య గోడల్లేని చెక్క కట్టడాలు, వాటి అడ్డకర్రల నిండా గడ్డి కనిపించాయి. ఏమిటవి? మనలాగా వామి వేస్తే సరిపోదా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: అమ్మా, మంచి ప్రశ్న వేశారు. వాటిని అక్కడ కొజోలెత్స్ అంటారు. ఆల్ప్స్ పర్వతాల పక్కన వేసవిలోనూ వానలు తప్పవు. పచ్చిగా కోసిన గడ్డిని తడి నేల మీద పరిస్తే కుళ్లిపోతుంది. అందుకే స్తంభాల మధ్య వరుసగా అడ్డకర్రలు బిగించి, వాటి మీద ఆరవేస్తారు. పైన కప్పు వాన ఆపుతుంది, పక్కల నుంచి గాలి ఆడుతుంది. రెండు వరుసలను ఒకే కప్పు కిందకు తెచ్చినది తోప్లర్. దాని అటక మీద ఎండుగడ్డి, కింద బండ్లు. 1689 నాటికే అక్కడి పండితుడు వాల్వసోర్ తన గ్రంథంలో వీటిని వర్ణించారు. మీ మనవడిని బోహిన్ దగ్గరి స్టుడోర్ గ్రామం తప్పకుండా చూడమనండి; అక్కడ ఇవి బారులు తీరి ఉంటాయి.

మన సంగతి వేరు. ఖరీఫ్ వరిగడ్డి చేతికొచ్చేసరికి చాలావరకు వానలు వెనకబడతాయి, కాబట్టి వామి చాలు. అయితే వామి వేయడం తక్కువ పనితనమేమీ కాదు. అడుగున రాళ్లు, మొద్దులు పరిచి చెమ్మ తగలకుండా ఎత్తు చేయాలి. నడుమ గట్టిగా తొక్కుతూ, పైభాగం నీరు జారేలా ఏటవాలుగా ముగించాలి. చెమ్మ గడ్డి లోపల పడితే సూక్ష్మజీవులు వేడి పుట్టిస్తాయి. వామిలోకి చేయి పెడితే వెచ్చగా తగిలిందా, వెంటనే విప్పి ఆరబెట్టాల్సిందే.