ఇస్తాంబుల్‌లో పాత పూల టైల్స్ చూడాలంటే నీలి మసీదు ఒక్కటి సరిపోతుందా?

సరిపోదు. ఒక్క పూటే ఖాళీ ఉన్నా రుస్తుం పాషా మసీదుకే వెళ్ళండి. ఎమినోను పేటలో మసాలా బజారు దగ్గరి సందులో కింద కొట్లు, పైన మసీదు. ఆ కొట్ల అద్దెలతో ఖర్చులు గడిచేలా 1560ల మొదట్లో ఒట్టోమన్ సుల్తానుల ఆస్థాన వాస్తుశిల్పి సినాన్ కట్టాడు. మెట్ల దారి ఇరుకు, చూసుకోకపోతే దాటిపోతారు.

నేను పొద్దున్నే వెళ్ళాను. వసారా గోడ మీది తులిప్‌లకు ఎదురుగా నిలబడి ఫోటోలు తీస్తుంటే, అక్కడ ఊడుస్తున్న పెద్దాయన నన్ను గోడ వారకు పిలిచి, పక్కనుంచి చూడమని సైగ చేశాడు. అలా చూస్తే నీలం, టర్కాయిస్ రంగులు గాజుపూత కింద నున్నగా పరుచుకుని ఉన్నాయి. ఎరుపు మాత్రం ఆరిన గోరింటాకులా పైకి ఉబ్బి ఉంది. అది ఇనుము ఎక్కువున్న మట్టి. చిక్కగా పెట్టి, పైన గాజుపూత పోసి కాల్చారు. మొన దేలిన రేకుల అంచున సన్నటి నల్ల గీత ఎక్కడా వణకలేదు. టైల్స్ పనికి పేరుపడ్డ ఇజ్నిక్ ఊరి పనివాళ్ళ చెయ్యి అది.

ఇదంతా చైనా పింగాణీకి కాపీ అని చాలామంది తేలిగ్గా కొట్టిపారేస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది. మొదట్లో తెలుపు మీద నీలంతో చైనా నమూనాలు వేసిన మాట నిజమే. కానీ 16వ శతాబ్దం మధ్యలో ఆస్థాన చిత్రకారుల పెద్ద కారా మెమీ తోటలోని తులిప్, గులాబీ, కార్నేషన్, హయసింత్‌లను చూస్తే గుర్తుపట్టేలా గీశాడు. నా దృష్టిలో అసలు కళ అక్కడే మొదలైంది.

నీలి మసీదులో 20,000కు పైగా టైల్స్ ఉన్నాయి. వాటిలో మేలైనవి చాలావరకు పై గ్యాలరీల్లో ఉంటాయి, కింద నిలబడితే కనిపించవు. ఆ మసీదు కట్టే నాటికే తయారీ ఖర్చులు పెరుగుతున్నా దర్బారు పనివాళ్ళకు పాత ధరలే కట్టబెట్టింది. ఆ 17వ శతాబ్దంలోనే ఎరుపు కాస్తా గోధుమరంగులోకి దిగిపోయింది. అయినా టూర్ ప్యాకేజీల వాళ్ళు అక్కడ గంట నిలబెట్టి, రుస్తుం పాషా పేరే ఎత్తరు. పైగా ఏదో ఒక షాపుకు తోలుకెళ్తారు. నన్ను తీసుకెళ్ళిన చోట చేత్తో వేసిందని చెప్పి, అచ్చు బొమ్మ అతికించిన పళ్ళెం అంటగట్టబోయారు. ఎరుపు మీద వేలు పెడితే చదునుగా తగిలింది. కొనాలనుకుంటే మీరూ అలాగే తడిమి చూడండి. మసీదుకు మాత్రం శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకోవద్దు, నమాజు వేళ చూడ్డానికి వచ్చినవాళ్ళను లోపలికి పంపరు.