తెల్లవారుజామున రెండు గంటలు

ప్రశ్న: ఉద్యోగం, పిల్లలు, ఇంటిపని మధ్య మూడేళ్లుగా ఒక నవల రాస్తున్నాను. నాలుగో ప్రకరణం దాటడం లేదు. సొంత గదీ, నిశ్శబ్దమూ లేనివాళ్లకు నవల సాధ్యమేనా? మీకు ఏకాంతం ఎప్పుడైనా బరువనిపించిందా?

జవాబు: గది ఉంటే మేలే. ఫ్రెంచ్ నవలాకారుడు మార్సెల్ ప్రూస్త్ 1910లో పారిస్‌లోని తన పడకగది గోడలకు, బయటి చప్పుడు లోపలికి రాకుండా, కార్క్ బెరడు పలకలు కొట్టించుకున్నాడు. అయితే 1866 అక్టోబరులో గడువు ముంచుకొచ్చిన రష్యన్ నవలాకారుడు దొస్తోయెవ్‌స్కీ, అన్నా అనే స్టెనోగ్రాఫర్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, 26 రోజుల్లో ఒక నవల చెప్పి రాయించాడు. పగలు ఆమెకు చెప్పవలసినదాన్ని ఆయన రాత్రిపూట ఒక్కడే కూర్చుని సిద్ధం చేసుకునేవాడు. ఆ రాత్రులే లేకపోతే పగటి మాటలు వచ్చి ఉండేవి కావని నా నమ్మకం.

నా మొదటి నవల అంతా ఇల్లు నిద్రలేవక ముందు, రోజుకు రెండు గంటల చొప్పున రాశాను. అందులో భర్త పోయిన స్త్రీ అతని చొక్కాలు సర్దే ఘట్టం ఒకటి ఉంది. ఆమె దుఃఖాన్ని వర్ణిస్తూ పేజీలు నింపాను, కొట్టేశాను. ఎన్నిసార్లు రాసినా అది నా గొంతులాగే ఉంది తప్ప ఆమెదిగా లేదు. ఒక తెల్లవారుజామున ఏమీ రాయకుండా ఊరికే కూర్చుని ఉండగా, మడతపెట్టే ముందు ఆమె ప్రతి చొక్కాకూ పై నుంచి కింది దాకా బొత్తాలు పెడుతున్నట్టు కనిపించింది. అదే రాశాను. దుఃఖం అన్న మాట ఆ ఘట్టంలో ఇప్పుడు లేదు. అలా ఊరికే కూర్చునే కాసేపటి కోసమే నాకు ఏకాంతం కావాలి. రాయడం మాత్రం సందట్లోనూ సాగుతుంది.

ఏకాంతం నాకూ బరువనిపించింది. నవల ముగిసిన వారం, ఏళ్ల తరబడి కలిసి బతికిన మనుషులు ఇల్లు ఖాళీ చేసి వెళ్లినట్టుండేది. అంతకంటే బాధించేది మరొకటుంది: ఇంట్లోవాళ్లు పలకరిస్తే సగం మనసుతో జవాబిచ్చిన రోజులు. వాటిని నేను తిరిగి తెచ్చుకోలేను. అందుకే రాసే వేళ ఏదో ఇంట్లో ముందే చెప్పి, ఆ వేళ దాటాక కాగితాలు మూసేయడం ఆలస్యంగానైనా నేర్చుకున్నాను.

నాలుగో ప్రకరణాన్ని ప్రస్తుతానికి అక్కడే ఆపండి. ఈ నవలలో మీరు రాయడానికి జంకుతున్న ఘట్టం ఏదో మీకు తెలిసే ఉంటుంది. ముందు దాన్ని రాయండి, రాశాక పైకి చదువుకోండి. నాలుగో ప్రకరణం ఎందుకు కదలలేదో అప్పుడు మీకే తెలిసే అవకాశం ఉంది.