మొదటి రౌండులో ముందున్నాయన ఎందుకు ఓడిపోయారు?

ఆఫ్రికా దేశాల కూటమి అయిన ఆఫ్రికా యూనియన్ పెద్దను జనం ఎన్నుకుంటారా అని ఒకరు అడిగారు. లేదండీ. దేశానికొక ఓటు, రహస్య బ్యాలెట్. వేసేది దేశాధినేతలు, ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో జరిగే సమావేశంలో.

అక్కడ ఛైర్మన్లు ఇద్దరు. ఒకరు యూనియన్ ఛైర్మన్, ఎవరో ఒక దేశాధ్యక్షుడికి ఏడాది పాటు వంతుగా వచ్చే పదవి. 2025లో అంగోలా అధ్యక్షుడు లోరెన్సోకి వచ్చింది. రెండోది కమిషన్ ఛైర్మన్. నాలుగేళ్ల పాటు ఆఫీసు నడిపేది ఈయనే, అసలు పోటీ దీనికే.

2025 ఫిబ్రవరి 15న, శనివారం, నేను నైరోబీలో ఉన్నాను. ఈసారి పదవి తూర్పు ఆఫ్రికా వంతు. కెన్యా మాజీ ప్రధాని రైలా ఒడింగా బరిలో ఉన్నారు. అక్కడ ఆయన్ని 'బాబా' అనేవారు, అంటే నాన్న. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్‌లో వార్తలు పెట్టుకుని, విజిటర్ల పుస్తకం వెనక పేజీలో స్కోర్లు రాస్తున్నాడు. మొదటి రౌండు: రైలా 20, జిబూతీ విదేశాంగ మంత్రి మహమూద్ అలీ యూసుఫ్ 18, మడగాస్కర్ అభ్యర్థి 10. "బాబా గెలిచినట్టే" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నా.

అక్కడే పప్పులో కాలేశాం. గెలవాలంటే మూడింట రెండు వంతులు రావాలి. 55 సభ్య దేశాల్లో అప్పుడు ఆరు సస్పెన్షన్‌లో ఉన్నాయి, చాలావరకు సైనిక తిరుగుబాట్ల వల్ల. మిగిలినవి 49, అంటే 33 ఓట్లు కావాలి. మూడో రౌండు తర్వాత అందరికంటే తక్కువ వచ్చిన వాళ్లు తప్పుకోవాలి. మడగాస్కర్ ఆయన అలా పోయారు. అప్పటికే యూసుఫ్ 23తో ముందుకొచ్చేశారు, రైలా మళ్లీ 20 దగ్గరే. ఆ తర్వాత రైలా ఆయన్ని అందుకోలేకపోయారు. ఆరో రౌండు అయ్యాక రైలా తప్పుకున్నారు. మొదటి రౌండు ఆధిక్యానికి ఇక్కడ విలువ లేదు. తర్వాతి రౌండ్లలో మిగతావాళ్ల ఓట్లు ఎటు వెళ్తాయన్నదే లెక్క.

"ఇక ఒక్కడే కదా, మళ్లీ ఓటింగ్ ఎందుకు?" అన్నాడు వాచ్‌మన్. నాకు నచ్చిన నియమం ఇదే: ఒక్కడే మిగిలినా మూడింట రెండు వంతులు తెచ్చుకోవాల్సిందే. రాకపోతే ఎన్నిక ఆపేసి, మళ్లీ పెట్టేదాకా డిప్యూటీకి బాధ్యత అప్పగిస్తారు. ఏడో రౌండులో యూసుఫ్‌కి వచ్చినవి సరిగ్గా 33.

వాచ్‌మన్ ఆ అంకె మాత్రం రాయలేదు. పుస్తకం ముందుకు తిప్పి, గేటు దగ్గర హారన్ కొడుతున్న కారు నంబరు రాసుకున్నాడు.