దిగేటప్పుడు భోజనం మానొద్దు

విజయవాడ

చిరంజీవి అబ్బాయికి,

సంఘం ప్రెసిడెంటు పదవి పోయిన దగ్గర్నుంచి నువ్వు సరిగ్గా తినడం లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మిర్చి యార్డుకి కూడా వెళ్ళడం లేదట. మరి కొట్టు ఎవరు చూస్తున్నారు?

గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషా అంటే మనకి రామదాసుని జైల్లో పెట్టినవాడే. నాకు మాత్రం ఆయన గద్దె దిగిన తీరు ఇష్టం. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత, లోపలివాడే లంచం తిని తలుపు తీస్తే, ఔరంగజేబు సైన్యం గోల్కొండలోకి వచ్చింది. తానీషా అంతఃపురంలో ఆడవాళ్ళని ఓదార్చి, తప్పులుంటే మన్నించమని అడిగి, బయటికొచ్చి కూర్చున్నాడు. పట్టుకోవడానికి వచ్చిన సర్దార్లని మర్యాదగా పలకరించాడు. వేళవగానే వడ్డించమని, వాళ్ళనీ తినమన్నాడు. ఇప్పుడు ముద్ద ఎలా దిగుతుందని అడిగితే, రోజూ తినే వేళ ఇదేగా అన్నాడట. పేదరికం ఇచ్చినవాడే రాజ్యమూ ఇచ్చాడని కూడా అన్నాడట. ఇదంతా ఖాఫీ ఖాన్ అనే మొఘలుల కాలం చరిత్రకారుడు రాసిన పుస్తకంలో ఉంది.

నటన అనుకోకు. 1672లో గద్దెనెక్కకముందు చాలా ఏళ్ళు షా రాజు అనే సూఫీ గురువు దగ్గర శిష్యుడిగా బతికాడు. ఆ బతుకు ఆయనకి కొత్త కాదు. నువ్వూ అంతే. ప్రెసిడెంటువి కాకముందు కాయ పిడికిట్లో నలిపి తేమ చెప్పేవాడివి. రైతులు నీ మాట నమ్మేవాళ్ళు. ఆ పని ఎవడు లాక్కున్నాడు?

తాళాలు, లెక్కల పుస్తకాలు వాళ్ళు అడగకముందే ఇచ్చెయ్. ముట్టినట్టు సంతకం మాత్రం తీసుకో, అక్కడ వేదాంతం పనికిరాదు. మూడు నెలలు ఆ ఆఫీసు మెట్లెక్కకు. రిటైరయ్యాక నేను సలహాలిద్దామని రోజూ స్కూలుకి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు చూస్తే గేటు దగ్గర నా కుర్చీలో వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. వారం రోజులు నాకూ అన్నం సయించలేదులే.

నీ పేరు చెరిపేస్తారని కూడా టెన్షన్ పడుతున్నావట. ఇక్కడ ఇంద్రకీలాద్రి దగ్గర అక్కన్న మాదన్న గుహలున్నాయి కదా. అవి ఆ తానీషా మంత్రులకంటే దాదాపు వెయ్యేళ్ళు పాతవి. తొలిచినవాళ్ళ పేరు ఎవరికీ పట్టలేదు. 1686లో హత్యకు గురైన ఆ అన్నదమ్ముల పేరు అతుక్కుంది. పేరు సంగతి మన చేతిలో ఎక్కడుందిరా?

గద్దె దిగాక తానీషా పదేళ్ళకు పైగా దౌలతాబాద్ కోటలో బందీగా ఉండి అక్కడే పోయాడు. అది సుఖమని నేననను. నీకు అంత కష్టం రాలేదు, గుంటూరులోనే ఉన్నావు.

ఆదివారం రా. మీ పిన్ని గోంగూర పప్పు చేస్తానంది. ఒంటిగంటకి వడ్డిస్తాం. నువ్వు రాకపోయినా నేను కూర్చుంటాను.

ఆశీస్సులతో,
మీ బాబాయి