సీక్వెన్సింగ్‌కి కొత్తగా వెళ్లిన అమ్మడికి

చి. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫుడ్ ల్యాబ్‌లో నిన్ను సీక్వెన్సింగ్‌లో, అంటే క్రిముల డీఎన్ఏ అక్షరాలు చదివే పనిలో వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మెషీన్ గురించి టెన్షన్ పడకు, కొన్నాళ్లకి చేతికి అదే అలవాటవుతుంది. నేను చెప్పేదంతా శాంపిల్ మెషీన్ ఎక్కేముందు సంగతి.

ఆహారంలోంచి నేరుగా డీఎన్ఏ తీస్తే ఎక్కువభాగం ఆ కోడిదో, ఆ పాలకూరదో వస్తుంది. పైగా వంటలో చచ్చిన క్రిమి కూడా బతికున్నదానిలాగే కనబడుతుంది. అందుకే పాత పద్ధతి వదలకు. విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా క్రిమికైతే 25 గ్రాముల శాంపిల్, క్రిములు పెరగడానికి 225 మిల్లీలీటర్ల పెప్టోన్ నీళ్లు, రాత్రంతా ఇంక్యుబేటర్. తర్వాత ప్లేటు మీద విడిగా లేచిన ఒక్క కాలనీని, అంటే ఒకే రకం క్రిముల చుక్కని, మళ్లీ ప్లేటు మీద గీసి, కల్తీ లేదనుకున్నాకే డీఎన్ఏ తియ్యి. సాల్మొనెల్లా జీనోమ్, అంటే దాని మొత్తం డీఎన్ఏ, సుమారు 48 లక్షల అక్షరాలు. నీకు 90 లక్షలొస్తే రెండు క్రిములు కలిశాయన్నమాట, మళ్లీ ప్లేటు దగ్గరికి నడువు.

ఒకసారి మసాలా పొడిలో సాల్మొనెల్లా ఉందని రిపోర్టు రాసేశాను. సంతకం పెట్టబోతూ ఎందుకో అనుమానమొచ్చి పరీక్ష సరిగ్గా నడుస్తోందో లేదో చూడ్డానికి ల్యాబ్‌లో పెంచుకునే మా కంట్రోల్ స్ట్రెయిన్‌తో పోల్చి చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు! నా చేతి నుంచే శాంపిల్‌లోకి వెళ్లింది. అప్పట్నుంచి కంట్రోల్‌ని అన్నిటికంటే ఆఖర్న ముట్టుకునేదాన్ని. నువ్వూ అంతే చెయ్యి, శాంపిల్ వెయ్యని ఖాళీ ట్యూబు ఒకటి మొదటినుంచి చివరిదాకా నడుపు, అందులో ఏదైనా వస్తే కల్తీ జరిగినట్టే.

2011లో జర్మనీలో ఈ.కోలై ఓ104 అనే క్రిమి రకం వ్యాపించినప్పుడు, స్పెయిన్ కీరదోసల్లో ఈ.కోలై దొరికిందని ప్రకటించేశారు. తీరా చూస్తే అది వేరే రకం. ఈలోపు అక్కడి రైతుల పంట చెత్తలో పడింది. అసలు క్రిమి జీనోమ్‌ని కొద్దిరోజుల్లోనే చదివేశారు గానీ, అది ఏ తిండిలోంచి వచ్చిందో అందులో రాసుండదు కదా. హోటళ్లలో ఎవరేం తిన్నారో అడిగి, సరుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుక్కుంటూ మొలకల దాకా వెళ్లారు. చివరికి అనుమానం ఈజిప్టు నుంచి వచ్చిన మెంతుల మీదికి వెళ్లింది. మన పోపుల పెట్టెలో మెంతులే! ఆ గింజల్లో మాత్రం క్రిమి దొరకనేలేదు. మొత్తమ్మీద యాభైమందికి పైగా చనిపోయారు.

కాబట్టి ఏ ఊరు, ఏ బ్యాచ్, ఏ తేదీ అన్నది శాంపిల్ చేతికొచ్చిన రోజే రాసుకో. "చికెన్, మార్కెట్" అని రాసి వదిలేస్తే, రేపు అదే జీనోమ్ రోగిలో దొరికినా ఏ మార్కెట్టో ఎవరూ చెప్పలేరు. రెండు జీనోమ్‌ల మధ్య ఎన్ని అక్షరాల తేడాలదాకా ఒకటే అనొచ్చని అడుగుతావేమో, అన్ని క్రిములకీ పనికొచ్చే అంకె లేదు. దగ్గరి చుట్టమని రాయి. ఇదే కారణమని మాత్రం తిన్నవాళ్ల వివరాలు కలిసేదాకా రాయకు.

పండక్కి వచ్చేటప్పుడు నీ మొదటి రన్ రిపోర్టు ప్రింటు తీసుకురా. ఖాళీ ట్యూబులో ఏమొచ్చిందో ముందు చూస్తాను.

మీ పెద్దమ్మ