నడక సరే, డబ్బులు అడగడమే ఎలా?

ప్రశ్న: నమస్తే అండి. మేం మసాచుసెట్స్‌లో ష్రూస్‌బరీలో ఉంటాం. మా మేనత్త తెనాలిలో బ్రెస్ట్ క్యాన్సర్‌తో పోయింది, అప్పట్నుంచి ఏదో ఒకటి చేయాలని మనసులో ఉంది. అక్టోబర్‌లో జిమ్మీ ఫండ్ వాక్‌కి, అంటే క్యాన్సర్ కోసం విరాళాలు పోగుచేసే నడకకి, మా ఆఫీసు వాళ్ళు టీమ్ కట్టారు, హాఫ్ మారథాన్ నడుద్దాం రమ్మంటున్నారు. నాకు మూడు కిలోమీటర్లకే కాళ్ళు లాగేస్తాయి, అంతకన్నా అందర్నీ డబ్బులు అడగాలంటే మహా మొహమాటం. మా అత్తయ్యగారేమో "ఇచ్చేదేదో మనమే ఇచ్చేస్తే పోయేదానికి ఈ నడకెందుకు" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పేరు ఇచ్చేయండి. అత్తయ్యగారి మాటలో న్యాయం ఉంది, కానీ మీరు చెక్కు రాస్తే మీ ఒక్కరి డబ్బే వెళ్తుంది, నడుస్తున్నానని నలుగురికీ చెబితే ఆ నలుగురూ ఇస్తారు, వాళ్ళలో ఎవరో ఒకరు మా ఇంట్లో కూడా ఇదే అని నోరు విప్పుతారు. మన ఇళ్ళల్లో ఈ జబ్బు పేరు పైకి అనడమే తక్కువ కదండీ.

ఇక అడగడం. ఈ డబ్బు దేనికో మీకు గట్టిగా తెలిస్తే మొహమాటం సగం పోతుంది. ఇది బోస్టన్‌లో డానా ఫార్బర్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తుంది, రీసెర్చ్‌కీ పేషెంట్లకీ. ఆ పేరులో ఉన్న సిడ్నీ ఫార్బర్ లుకేమియా (బ్లడ్ క్యాన్సర్) ఉన్న పిల్లలకి అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి, కొన్నాళ్ళపాటైనా జబ్బు వెనక్కి తగ్గుతుందని 1948లో లోకానికి చూపించిన డాక్టర్, ఆ మందు తయారైందేమో లెడర్లీ ల్యాబ్‌లో, అక్కడ రీసెర్చ్ నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు! ఆ కోవ మందే అయిన మెథోట్రెక్సేట్‌ని ఇవాళ్టికీ వాడుతున్నారు. జిమ్మీ ఫండ్ పుట్టింది కూడా ఆ 1948లోనే, ఫార్బర్ దగ్గర ట్రీట్‌మెంట్‌లో ఉన్న 12 ఏళ్ళ పిల్లాడితో రేడియోలో మాట్లాడిస్తే విన్న జనం 2 లక్షల డాలర్లకి పైనే పంపారు. అలాంటి దానికి అడగడంలో చిన్నతనం ఏముంది?

మెసేజ్‌లో మేనత్త గురించి రెండు ముక్కలు, సుబ్బారావు గారి గురించి రెండు ముక్కలు రాయండి చాలు. గ్రూపులో పడేసి ఊరుకోకండి, ఎవరికి వాళ్ళకి విడిగా పంపండి, మొదటి డొనేషన్ మీరే వేయండి. చాలా కంపెనీలు ఉద్యోగి ఇచ్చినదానికి సమానంగా తామూ ఇస్తాయి, ఇచ్చినవాళ్ళందర్నీ వాళ్ళ ఆఫీసులో కనుక్కోమనండి. ఇండియాలో చుట్టాల్ని మాత్రం దీనికి అడగొద్దు, వాళ్ళకి ఇన్‌కమ్ టాక్స్‌లో 80జి మినహాయింపు కూడా రాదు, ఇవ్వాలనుంటే అక్కడి క్యాన్సర్ ఆసుపత్రికే ఇమ్మనండి.

నడక భయం అక్కర్లేదు. హాఫ్ అంటే 21 కిలోమీటర్లు, దారిలో న్యూటన్ అనే ఊళ్ళో మిట్టలు కూడా ఎక్కాలి, కాబట్టి ఇప్పట్నుంచే వారాంతంలో ఒక పెద్ద నడక పెట్టుకుని వారం వారం కొంచెం పెంచండి, మీ పక్కన కూడా మిట్టలున్న రోడ్లే చూసుకోండి. ఆ రోజు కొత్త బూట్లు వేసుకోవద్దు, బొబ్బలెక్కేస్తాయి. మోకాళ్ళ నొప్పులుంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి. సెప్టెంబర్ నాటికి కూడా కుదరట్లేదనిపిస్తే 10కె, 5కె ఉన్నాయి, ఎంత దూరం నడిచినా వెళ్ళే డబ్బు అదే. 5కెకి అత్తయ్యగారిని కూడా రమ్మనండి, తెనాలి మేనత్త పేరు చొక్కా మీద రాసుకుని ఇద్దరూ నడవొచ్చు.