టెన్షన్ మాత్రలు మొదలుపెట్టాక కోరిక తగ్గితే: ఆమదాలవలస తమ్ముడికి సమాధానం

తమ్ముడూ, ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు వాడుతుంటే గుండెదడ తగ్గింది గానీ కోరిక పోయింది, వీర్యం పడటానికి చాలాసేపు పడుతోంది, మాత్రలు ఆపేయనా అని అడిగావు.

నీ అంతట నువ్వు ఆపకు. ఉన్నట్టుండి మానేస్తే తల తిరగడం, చిరాకు, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం రావచ్చు. పాత టెన్షన్ కూడా తిరగబెట్టొచ్చు.

నువ్వు చెప్పినవి ఈ రకం మందులతో చాలామందికి వచ్చేవే. ఈ మందులు మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పనిని పెంచుతాయి. ఆందోళనను తగ్గించే ఆ మార్పే స్ఖలనాన్నీ ఆలస్యం చేస్తుంది. అందుకే శీఘ్రస్ఖలనానికి డాక్టర్లు ఇదే జాతి మందులు రాస్తుంటారు! నీకు మగతనం పోయిందని కాదు.

డాక్టరు డోసు తగ్గించొచ్చు, ఈ ఇబ్బంది తక్కువగా ఉండే మిర్టజాపిన్ లాంటి మందుకు మార్చొచ్చు, బ్యూప్రోపియాన్ అనే ఇంకో మందు జోడించొచ్చు. కానీ నువ్వు చెబితేనే కదా ఆయనకు తెలిసేది. శ్రీకాకుళం రిమ్స్ ఓపీలో పక్కన జనం ఉన్నారని సిగ్గేస్తే చీటీ మీద రాసి ఇవ్వు. మందుకు ముందు ఎలా ఉండేది, పొద్దున లేచేసరికి అంగం గట్టిపడుతోందా, క్లోనాజెపామ్ (ఆందోళనకు ఇచ్చే మత్తు మాత్ర) గానీ మద్యం గానీ తీసుకుంటున్నావా, అన్నీ రాయి. షుగర్, బీపీ కూడా చూపించుకో, తప్పు అన్నిసార్లూ మాత్రదే కాదు.

అంగం గట్టిపడటానికి వాడే సిల్డెనాఫిల్ (వయాగ్రా)ను మెడికల్ షాపులో అడిగి కొనకు. గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్లకు అది ప్రాణాంతకం.

మీ ఆవిడకు ఈ రాత్రే చెప్పెయ్, తనంటే ఇష్టం లేదనుకుంటోందేమో. ముందు ఫోన్లో మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.